రాయి బంగారమైన కథ

బౌద్ధాన్ని గురించి మనవాళ్లు రాసేటప్పుడు రెండు ధోరణులు కనిపిస్తాయి. కరుణ, ధ్యానం అంటూ దాన్ని సమాజం నుంచి వేరుచేసి పూజించడం ఒకటి. మఠాల మతమేనని ఒక్క మాటతో కొట్టిపారేయడం రెండోది. విహారం నిలబడింది ఎవరి శ్రమ మీద అన్న ప్రశ్న ఈ రెంటికీ పట్టదు. ఒక చైనా కత్తియుద్ధాల సినిమా నన్ను ఈ ప్రశ్నతో మన కృష్ణ ఒడ్డుకే తీసుకువచ్చింది.

కింగ్ హూ తీసిన 'ఎ టచ్ ఆఫ్ జెన్' 1970, 71లలో తైవాన్‌లో రెండు భాగాలుగా విడుదలైంది. 1975లో కాన్ చిత్రోత్సవంలో సాంకేతిక బహుమతి పొందింది. కథాకాలం మింగ్ రాజుల పాలన. అంతఃపుర నపుంసకుల గుప్పిట్లోని రహస్య పోలీసు విభాగం ఒక నిజాయితీగల అధికారిని చంపించి, ఆయన కూతుర్ని వేటాడుతుంది. ఆమెకు ఆశ్రయమిచ్చింది బౌద్ధ విహారం. 1949 నుంచి 1987 దాకా సైనిక శాసనం నడిచిన తైవాన్‌లో రహస్య పోలీసుల్ని దుష్టులుగా నిలబెట్టడం చిన్న విషయం కాదు.

ఇందులో నన్ను ఆలోచింపజేసిన ఘట్టం యుద్ధం కాదు, యుద్ధం మరునాటి ఉదయం. బొమ్మలు గీసి పొట్టపోసుకునే పేద పండితుడొకడు పాడుబడ్డ కోటలో దయ్యాలున్నాయని పుకారు పుట్టించి, ఉచ్చులు పన్ని శత్రు సైన్యాన్ని హతమారుస్తాడు. తెల్లవారాక తన తెలివికి తానే మురిసి పకపకా నవ్వుతూ తిరుగుతాడు. అప్పుడు శవాలు కంటబడతాయి. నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. చచ్చినవాళ్లంతా ఎవరి ఆజ్ఞకో కత్తిపట్టిన బంట్లు. వాస్తవికత అంటే ఇది. కాని ఇంతదూరం వచ్చిన దర్శకుడు చివర్లో వెనక్కి తగ్గాడు. పొడిచిన కత్తికి విహారాధిపతి ఒంటి నుంచి నెత్తురుకు బదులు బంగారం కారుతుంది. రాజ్యం వేసిన ప్రశ్నకు అలౌకికం బదులు చెబుతుంది.

ఈ బంగారం మనకు కొత్త కాదు. 7వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ ఇలాంటి కథే రాసిపెట్టాడు. ఆచార్య నాగార్జునుడి కోసం శాతవాహన రాజు భ్రమరగిరి మీద కొండను తొలిపించి విహారం కట్టిస్తున్నాడట. ఖజానా వట్టిపోయింది. నాగార్జునుడు ఏదో రసం చల్లి రాళ్లను బంగారం చేశాడు, పని పూర్తయింది. ఆ తర్వాత భిక్షువుల్లో తగవులు పుట్టాయి, దుష్టులు విహారాన్ని ఆక్రమించి వాళ్లను బయటికి నెట్టారు. ఈ భ్రమరగిరి శ్రీశైలమేనని కొందరు, కాదని కొందరు పండితులు వాదించుకున్నారు. వాళ్ల వాదం ఎలా తేలినా, ఖజానా వట్టిపోయిందన్న ముక్క మాత్రం నిజం వాసన కొడుతోంది. ఖజానా నిండేది రైతు పండించిన ధాన్యంతో. అది చాలనప్పుడు ఏం జరిగి ఉంటుందో చెప్పడానికి బదులు ఆ కథ రసవాదాన్ని ముందుకు తెచ్చింది.

శాసనాలు ఇంకొంచెం నిజాయితీగా మాట్లాడతాయి. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజులు అశ్వమేధాలు చేస్తుంటే, వాళ్ల ఇళ్ల ఆడవాళ్లు బౌద్ధ సంఘానికి దానాలు చేశారు. బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో, అక్కడి సింహళ భిక్షువులు ధర్మాన్ని చేరవేసిన దేశాల జాబితాలో చీన పేరు కూడా ఉంది. అంటే ఈ నది ఒడ్డుకూ చైనాకూ మధ్య ఆనాడే దారి ఉంది. అయితే ఆ శాసనాల్లోనూ దాతల పేర్లే మిగిలాయి. రాయి మోసినవాడి పేరు లేదు.

ఇది పాతకథ అనుకుంటే పొరపాటు. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. ఆ లోయ మునగకముందే తవ్వి తీసిన శిల్పాలు మ్యూజియంకు చేరాయి. తర్వాత శ్రీశైలం ఆనకట్ట వచ్చింది. కూడవెల్లి సంగమేశ్వరుని గుడిని రాయి రాయి విప్పి గద్వాల ప్రాంతపు అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. నాగర్‌కర్నూలు వైపు సోమశిల, జటప్రోలు గుళ్లు కూడా అలాగే గట్టెక్కాయి. గుళ్లను కాపాడటం తప్పని నేననను. కాని మునిగిన వందకు పైగా గ్రామాల జనానికి ఏ రాయికీ చేసినంత లెక్క జరగలేదు. గుడి రాళ్లకు వేసినట్టు వాళ్ల ఇళ్లకు ఎవరూ అంకెలు వేయలేదు.

ఆనకట్టలు కట్టిందెవరు? గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల కింద తరతరాలు నలిగి, కృష్ణ పక్కనే పారుతున్నా కరువు తప్పని పల్లెల నుంచి గుంపు మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి తోలుకుపోయిన జనం. దేశంలో ఏ మూల ఆనకట్ట లేచినా 'పాలమూరు లేబర్' అక్కడ ఉంది. రాళ్లను బంగారం చేసిన రసం వాళ్ల చెమటే. ఆ బంగారం వాళ్ల ఊళ్లకు మాత్రం తిరిగి రాలేదు.

అందుకే బౌద్ధ చరిత్ర రాసేవారికీ, ఇటువంటి సినిమాలను సమీక్షించేవారికీ నా మనవి ఒక్కటే. అద్భుతం కనిపించినచోట ఆగి, అది దేన్ని కప్పిపెడుతోందో అడగాలి. ఆ పండితుడి నవ్వు ఆగిపోయిన చోటునుంచే మన పరిశీలన మొదలుకావాలి. మునిగిన ఊళ్ల పేర్లూ, వలసపోయినవారి మాటలూ చెప్పగల ముసలివాళ్లు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్లుండగానే వాటిని రాసుకోవడం పాలమూరు రచయితల తక్షణ కర్తవ్యం.