మోల్ - ద్రవ్యరాశి మార్పిడి

ఒక పదార్థపు ద్రవ్యరాశిని మోల్‌ల సంఖ్యగాను, మోల్‌ల సంఖ్యను ద్రవ్యరాశిగాను మార్చుట రసాయన గణనలలో మొదటి మెట్టు. త్రాసు గ్రాములను చూపుతుంది. రసాయన సమీకరణం మాత్రం కణాల సంఖ్యల నిష్పత్తిని తెలుపుతుంది. ఈ రెండింటినీ కలిపే ప్రమాణమే మోల్.

నిర్వచనం

ఒక మోల్ పదార్థంలో 6.02214076 × 10²³ కణాలు (పరమాణువులు, అణువులు లేదా అయాన్లు) ఉంటాయి. పూర్వం మోల్‌ను 12 గ్రాముల కార్బన్-12 ఆధారంగా నిర్వచించేవారు. 2019 మే 20 నుండి పై సంఖ్యే నిర్వచనమైంది. ఒక మోల్ పదార్థపు ద్రవ్యరాశిని మోలార్ ద్రవ్యరాశి అంటారు. ఉదాహరణకు నీటి అణుభారం 18 కనుక, ఒక మోల్ నీటి ద్రవ్యరాశి 18 గ్రాములు.

సూత్రాలు

* మోల్‌ల సంఖ్య = ద్రవ్యరాశి ÷ మోలార్ ద్రవ్యరాశి
* ద్రవ్యరాశి = మోల్‌ల సంఖ్య × మోలార్ ద్రవ్యరాశి

ఉదాహరణ

250 గ్రాముల శుద్ధమైన సున్నపురాయిని (కాల్షియం కార్బొనేట్) పూర్తిగా కాల్చినప్పుడు ఎంత పొడిసున్నం (కాల్షియం ఆక్సైడ్) లభిస్తుంది?

* కాల్షియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి = 40 + 12 + (3 × 16) = 100 గ్రాములు
* మోల్‌ల సంఖ్య = 250 ÷ 100 = 2.5
* ఒక మోల్ కాల్షియం కార్బొనేట్ నుండి ఒక మోల్ పొడిసున్నం, ఒక మోల్ కార్బన్ డయాక్సైడ్ ఏర్పడతాయి.
* పొడిసున్నం మోలార్ ద్రవ్యరాశి 40 + 16 = 56 గ్రాములు కనుక, దాని ద్రవ్యరాశి = 2.5 × 56 = 140 గ్రాములు
* కార్బన్ డయాక్సైడ్ ద్రవ్యరాశి = 2.5 × 44 = 110 గ్రాములు

140, 110 కలిపితే తిరిగి 250 వస్తుంది. ద్రవ్యనిత్యత్వ నియమం ప్రకారం లెక్క సరియైనదని దీనివలన తెలుస్తుంది.

సాధారణంగా జరిగే పొరపాట్లు

సమీకరణంలోని గుణకాలను గ్రాములుగా భావించుట విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. రెండు మోల్‌ల హైడ్రోజన్ ఒక మోల్ ఆక్సిజన్‌తో కలిసి రెండు మోల్‌ల నీటిని ఇస్తుంది. అంటే 2 గ్రాములతో 1 గ్రాము కలియుట కాదు. 4 గ్రాముల హైడ్రోజన్ 32 గ్రాముల ఆక్సిజన్‌తో కలిసి 36 గ్రాముల నీరు ఏర్పడుతుంది. ఆక్సిజన్ వాయువు ద్విపరమాణుక అణువు కనుక దాని మోలార్ ద్రవ్యరాశిని 16గా కాక 32గా తీసుకోవాలి.