సముద్రం దాటిన దోషం

నేటాల్ చెరకు తోటలకు వచ్చిన మన ముత్తాతలు సముద్రం దాటి కులం పోగొట్టుకున్నారనీ, కనుక మన ఇళ్ళలో జరిగే కర్మలకు శాస్త్రబలం లేదనీ అనే మాట మనలో అప్పుడప్పుడు వినవస్తుంది. శాస్త్రం నిజంగా ఏమన్నదో చూడటం మంచిది. చూస్తే అది ఒక్క గొంతుతో మాట్లాడదని తెలుస్తుంది.

బౌధాయన ధర్మసూత్రం సముద్రయానాన్ని పతనహేతువులలో మొట్టమొదట చెప్పి, మూడేండ్ల కఠిన ప్రాయశ్చిత్తం విధించింది. అదే గ్రంథం ఇంకొకచోట సముద్రయానం ఉత్తరాదివారి ఆచారమని, ఆయా దేశాచారాల వరుసలో చేర్చింది. మనుస్మృతి సంగతి మరీ విచిత్రం. మూడవ అధ్యాయంలో సముద్రం మీద తిరిగినవాణ్ణి శ్రాద్ధ భోజనానికి పిలవరాదంటుంది. ఎనిమిదవ అధ్యాయానికి వచ్చేసరికి, సముద్రయానంలో ఆరితేరినవారు నిర్ణయించిన వడ్డీయే ప్రమాణమంటుంది. భోజనం దగ్గర పనికిరానివాడు బేరం దగ్గర ప్రమాణమయ్యాడు! యాజ్ఞవల్క్యుడు సముద్రం మీద పోయేవారికి నూటికి 20 వడ్డీ అని లెక్క కూడా కట్టాడు. తర్వాతి కాలపు కలివర్జ్యాలు మాత్రం, ఓడ ఎక్కిన ద్విజుణ్ణి ప్రాయశ్చిత్తం చేసుకున్నా చేర్చుకోరాదని తలుపు మూసేశాయి. ద్విజుణ్ణి అన్నాయని గమనించాలి. మద్రాసు రేవులో ఓడ ఎక్కిన మనవాళ్ళలో ఎక్కువమంది రైతుకూలీలు, చేతిపనులవారు. వారిని ఉద్దేశించి రాయని నిషేధాన్ని వారి మనుమలు మోయవలసి రావడం న్యాయం కాదు.

తెలుగు రాజులు ఈ నిషేధాన్ని ఎంతవరకు లెక్కచేశారో మోటుపల్లి శాసనం చెబుతుంది. పూర్వపు రాజులు గాలివానకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకంతా లాగుకొనేవారు. కాకతి గణపతిదేవుడు 1244లో, ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవారి మీద దయతో, న్యాయమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని అభయమిచ్చాడు.

ఇక ఆకలి సంగతి. మన తొలి ఓడ ‘ట్రూరో’ మద్రాసు నుండి డర్బను చేరింది 1860 నవంబరు 16న. అయిదేండ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం. 1866లో గంజాం కరువు, 1876–78లో ధాత కరువు. ఆ ఏండ్లలో ఇంట గింజ లేనివాడికి ధర్మసూత్రం కన్న దగ్గరగా కనిపించింది కూలీల మేస్త్రీయే. వాడు చెప్పిన అబద్ధాలు వేరే కథ.

ఇలాంటి దశకు శాస్త్రంలోనే ‘ఆపద్ధర్మం’ అనే పేరుంది. శాంతిపర్వంలో 12 ఏండ్ల అనావృష్టి వేళ విశ్వామిత్రుడు చండాలుని గుడిసెలో కుక్కమాంసం దొంగిలించబోయాడు. తినవద్దని ధర్మం చెప్పినవాడు చండాలుడు, బ్రతికితేనే ధర్మం చేయగలనని వాదించినవాడు ఋషి. మనుస్మృతి కూడా ఈ కథను తలచి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎవరి అన్నం తిన్నా పాపం అంటదంటుంది.

మాకు ఇంతకంటె నచ్చినది ఛాందోగ్యంలోని ఉషస్తి కథ. కురుదేశంలో పంటలు నాశనమైనప్పుడు ఉషస్తి భార్యతో ఊరు విడిచి, ఏనుగులవాని ఊరు చేరాడు. అతడు తింటున్న గుగ్గిళ్ళనే అడిగి తిన్నాడు. నీళ్ళివ్వబోతే ఎంగిలివని వద్దన్నాడు. గుగ్గిళ్ళు ఎంగిలివి కావా అని ఏనుగులవాడు అడిగాడు. అవి తినకపోతే బ్రతికేవాణ్ణి కాను, నీళ్ళు కావలసినచోట దొరుకుతాయని ఉషస్తి జవాబు. అవసరం ఎక్కడితో ఆగుతుందో అంత ఆకలిలోనూ అతనికి తెలుసు. మిగిలినవి భార్యకు తెచ్చాడు. ఆమెకు అప్పటికే భిక్ష దొరికింది కనుక వాటిని దాచింది. మరునాడు ఆ చద్ది గుగ్గిళ్ళే తిని ఉషస్తి రాజుగారి యజ్ఞానికి వెళ్ళాడు. అక్కడి ఋత్విజులకు తెలియని అర్థం చెప్పాడు, రాజు అతనికే ఆ పని అప్పగించాడు. ప్రాయశ్చిత్తం ఊసు ఉపనిషత్తులో లేదు.