కడలి లేని సీమకు ఉప్పు: రామాయంపేట దారిన దొడ్డుప్పు, సన్నుప్పు

హైదరాబాద్ నుంచి నాగపూర్‌కు పోయే రహదారి మీద, రాజధానికి ఉత్తరాన సుమారు తొంభై కిలోమీటర్ల దూరంలో ఉన్న రామాయంపేటలో, మెదక్ జిల్లాలోని తక్కిన ఊళ్లలో మాదిరిగానే, ఉప్పు రెండు పేర్లతో అమ్ముడవుతుంది. పలుకులుగా, చేతికి కాస్త తడి తగిలేట్టు ఉండేది దొడ్డుప్పు. ప్లాస్టిక్ పొట్లంలోంచి పిండిలా జారేది సన్నుప్పు. మొదటిది సముద్రపు ఉప్పనీ, రెండోది ఫ్యాక్టరీ ఉప్పనీ జనం వాడుక. ఆరోగ్యం గురించిన ఇటీవలి చర్చలు కూడా చాలావరకు ఈ విభజన మీదే నడుస్తున్నాయి. ఈ సీమకు ఉప్పు చేరిన చరిత్రను పరిశీలిస్తే మాత్రం ఆ విభజన ఎక్కువసేపు నిలవదు. ఇక్కడ సముద్రపు ఉప్పుకు అసలు పోటీ నిచ్చింది ఊరి చవుడు నేల ఉప్పు. పొట్లంలోని సన్నుప్పు కూడా చాలావరకు సముద్రపు నీటి నుంచి వచ్చిందే. రెంటినీ వేరు చేసినవి వచ్చిన దారి, మీద పడిన పన్ను, వాటిని పట్టుకున్న చట్టం.

సముద్రపు నీటిలో లవణాలు నూటికి మూడున్నర పాళ్లు ఉంటాయి. వాటిలో వంటకు పనికివచ్చే సోడియం క్లోరైడ్ ముప్పాతిక భాగానికి కొద్దిగా ఎక్కువ, మిగిలినవి మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం లవణాలు. తూర్పు తీరాన నౌపడ, చినగంజాం, ఇస్కపల్లి, కృష్ణపట్నం వంటి చోట్ల, ఈశాన్య రుతుపవనాల వానలు వెనుకబట్టాక మొదలై తొలకరి దాకా సాగే ఈ సేద్యంలో, నీటిని మొదట పెద్ద మడుల్లో నిలిపి, ఎండకు చిక్కబడినకొద్దీ చిన్న మడుల్లోకి వదులుతూ పోతారు. చిక్కదనాన్ని కొలిచే బోమే డిగ్రీల లెక్కలో సముద్రపు నీరు మూడు, మూడున్నర దగ్గర ఉంటుంది. పదిహేను దరిదాపుల్లో జిప్సం, అంటే కాల్షియం సల్ఫేట్, అడుగుకు దిగుతుంది. ఇరవై అయిదు దాటాక ఉప్పు పలుకు కడుతుంది. ఇరవై తొమ్మిది, ముప్పై దాటనిస్తే మెగ్నీషియం లవణాలు కూడా దానితోపాటు దిగి చేదు పట్టిస్తాయి. ఆ చివరి నీటిని ఏ పూట తీసివేయాలో కంటితో, వేలితో పోల్చుకోవడంలోనే ఉప్పు రైతు నేర్పంతా ఉంటుంది. పలుగొర్రుతో గట్టుకు లాగి కుప్ప పోసిన ఉప్పు నుంచి మిగిలిన చేదు నీరు మెల్లగా కారిపోతుంది; ఎంత కారినా పలుకుల మధ్య కొంత మెగ్నీషియం క్లోరైడ్ ఉండిపోయి గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో దొడ్డుప్పు జాడీ అడుగున నీరూరడానికి కారణం అదే.

తీరానికి మూడు వందల కిలోమీటర్లకు పైగా ఎడంగా ఉన్న మెదక్ సీమలో ఉప్పు పూర్తిగా బయటి సరుకు కాదు. తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో, చెరువుల కింద నీరు ఊరి నిలిచే పల్లాల్లో, ఎండలు ముదిరేసరికి నేల మీద తెల్లగా పేరుకునే పొరను చవుడు అంటారు. ఆ మట్టిని గీకి తెచ్చి, ఎత్తుగా కట్టిన మట్టి తొట్టిలో కంప, గడ్డి పరిచి దాని మీద పోసి, పైనుంచి నీళ్లు పోస్తే, మట్టిలోని లవణం కరిగి కింది గుంటలోకి వడిసి దిగుతుంది. ఆ నీటిని నున్నగా అలికిన చదును కయ్యల్లో ఎండబెట్టి గానీ, కుండల్లో కాచి గానీ ఉప్పు తీసేవారు. ఈ పని ఉప్పరులది. 1909లో వెలువడిన ఎడ్గార్ థర్‌స్టన్ గ్రంథం నాటికే వారు ఎక్కువగా చెరువులు తవ్వడం, కట్టలు పోయడం వంటి మట్టి పనుల్లో కనిపిస్తారుగాని, కులవృత్తిగా ఆయన నమోదు చేసింది ఉప్పు వండడాన్నే. చవుడు నుంచి తీసిన ఉప్పులో సోడియం సల్ఫేట్, నైట్రేట్లు కలిసి ఉండడంతో రుచి కాస్త చేదుగా ఉండేది. అదే పద్ధతిలో తుపాకి మందుకు కావలసిన పెట్లుప్పు, అంటే సురేకారం, కూడా వచ్చేది. కలిగినవారు సముద్రపు ఉప్పు తిని, లేనివారు చవుడు ఉప్పుతో సరిపెట్టుకోవడం తీరానికి దూరమైన దక్కను పల్లెల్లో సాధారణం. నేటి అంగడిలో ‘సహజమైనది’ అన్న మాటకు పలుకుతున్న ధరను బట్టి చూస్తే, ఆనాటి తారతమ్యం పూర్తిగా తలకిందులైనట్టే లెక్క.

సముద్రపు ఉప్పును ఇంత దూరం మోసుకొచ్చింది ఎద్దుల మీద పెరికెలు వేసుకుని నడిచిన బిడారులు. పెరికె అంటే ఎద్దు వీపున రెండు పక్కలా సమంగా వేలాడే జంట గోనె. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యంలో తిరిగిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియర్, ఈ బిడారుల వారు నాలుగు తెగలనీ, ఒక్కో తెగ ఒక్కో సరుకే మోస్తుందనీ, గోధుమల వంటి ధాన్యం, బియ్యం, పప్పుధాన్యాలు పోగా నాలుగోది ఉప్పనీ, ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దుల దాకా ఉంటాయనీ రాశాడు. ఎద్దుల సంఖ్యలో యాత్రికుల అతిశయం కొంత ఉన్నా, ఉప్పు ఒక్కదాన్నే నమ్ముకుని ఒక వర్గం బతకగలిగిందన్నది గమనించవలసిన సంగతి. తరువాతి కాలంలో ఈ వర్తకం ప్రధానంగా లంబాడీల చేతిలో ఉంది. బీరారు పత్తిని తూర్పు తీరానికి దింపి, తిరుగు ప్రయాణంలో ఉప్పు ఎత్తుకుని దక్కనులోని ఊరూరా అమ్ముకుంటూ పోవడం వారి ఏటి పని. ఒకవైపు పత్తి బరువు, మరోవైపు ఉప్పు బరువు ఉన్నందునే అంత దూరం ఖాళీ ఎద్దులతో నడిచే నష్టం వారికి లేకపోయింది. వాన పడితే ఉప్పు కరిగిపోతుంది గనుక ఇది వేసవి వర్తకం. దారిలో గడ్డి, నీళ్లు ఉన్నచోటల్లా మజిలీ. మెదక్ జిల్లాలో నేడు విరివిగా కనిపించే తండాల వెనుక ఈ దారుల చరిత్ర కొంత ఉంది.

గోల్కొండ సుల్తానుల కాలంలో మచిలీపట్నం ఈ రాజ్యానికి సొంత రేవు. తీరమూ, మెట్టా ఒకే ఏలుబడిలో ఉన్నందున ఉప్పు ఒక రాజ్యంలో ఒక మూల నుంచి మరో మూలకు నడిచే సరుకు. 1687లో గోల్కొండ మొగలుల వశమయ్యాక, ఆ తరువాత ఆసఫ్‌జాహీల తొలి దశాబ్దాల్లో కూడా ఈ ఏర్పాటు మారలేదు. 1759లో ఇంగ్లీషు సేన మచిలీపట్నం కోటను పట్టుకోవడంతో నిజాం సలాబత్ జంగ్ ఆ ప్రాంతాన్ని కంపెనీకి వదులుకున్నాడు. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు, 1788లో గుంటూరు కూడా చేజారి, హైదరాబాద్ రాజ్యానికి తీరమన్నదే లేకుండా పోయింది. 1802 నాటి వాణిజ్య సంధి నిజాం ప్రజలకు మచిలీపట్నం రేవును వాడుకునే స్వేచ్ఛ ఇచ్చి, సరుకుల మీద సుంకాన్ని నూటికి అయిదుగా నిర్ణయించింది. కాగితం మీద అది రాయితీయే. మూడేళ్లకే, 1805లో, మద్రాసు ప్రభుత్వం తన తీరమంతటా ఉప్పు మీద గుత్తాధికారం ప్రకటించింది. ఉప్పు పండించేవారు పండించినదంతా సర్కారు కొఠారుకు అప్పగించాలి, కొనేవారు అక్కడే సర్కారు చెప్పిన ధరకు కొనాలి. 120 మణుగుల గరిసెకు మొదట పెట్టిన ధర 70 రూపాయలు, అంటే మణుగుకు పదణాలకు కాస్త తక్కువ. నాలుగు దశాబ్దాలు గడిచేసరికి అది మణుగుకు రూపాయి అయింది. ఇక్కడ మణుగు సుమారు 37 కిలోలు. అంతకు ముందు ఉప్పు పండించేవాడితోనే బేరమాడి కొన్న లంబాడీ నాయకుడు, ఇప్పుడు కొఠారు గుమాస్తా ముందు రొక్కం లెక్కపెట్టవలసి వచ్చింది. వారి ఉప్పు వర్తకం దెబ్బతినడానికి సాధారణంగా రైలునే కారణంగా చెబుతారుగాని, తొలి దెబ్బ కొట్టింది ఈ గుత్తాధికారమే.

1882లో బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్ను మణుగుకు రెండు రూపాయలుగా స్థిరపడింది. 1888లో రెండున్నరకు పెరిగి, 1907లో రూపాయికి తగ్గి, 1923లో శాసనసభ కాదన్నా వైస్రాయి తన అధికారంతో మళ్లీ రెండున్నర చేయగా, మరుసటి ఏడే రూపాయి పావలాకు దిగింది. రామాయంపేట నిజాం ఏలుబడిలోదైనా, ఆ ఊరికి చేరే సముద్రపు ఉప్పు తీరాన పన్ను కట్టించుకునే బయలుదేరేది గనుక, నిజాం రైతు తనకు ఏ సంబంధమూ లేని ప్రభుత్వానికి చిటికెడు చిటికెడుగా పన్ను చెల్లిస్తూ వచ్చాడు. 1930 ఏప్రిల్‌లో దండి వద్ద గాంధీ ఉప్పు తీసినప్పుడు ఆంధ్ర తీరంలో కొండా వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం, పట్టాభి సీతారామయ్య వంటివారు ఆ ఉద్యమానికి నాయకత్వం వహించారు. 1931 మార్చిలో కుదిరిన గాంధీ–ఇర్విన్ ఒప్పందం ఉప్పు దొరికే చోట్ల ఉన్న గ్రామస్థులు తమ వాడకానికి ఉప్పు తీసుకోవచ్చని ఒప్పుకొన్నది. ఆ ఊళ్ల బయటివారికి అమ్మడానికి మాత్రం వీల్లేదన్నది. మెదక్ వంటి మెట్టసీమకు ఆ విజయం వల్ల ఒరిగినదేమీ లేదు. పన్ను రద్దు కావడానికి 1947 దాకా ఆగవలసి వచ్చింది.

ఈలోగా ఎద్దును రైలు తప్పించింది. వాడి–సికింద్రాబాద్ మార్గం 1874లో బొంబాయి వైపు తలుపు తెరిచింది. 1889లో బెజవాడ దాకా పట్టాలు పడడంతో కోస్తా ఉప్పు వాగన్లలో రాసాగింది. 1899–1901 మధ్య పూర్తయిన హైదరాబాద్–గోదావరి లోయ రైల్వే సికింద్రాబాద్ నుంచి మన్మాడ్‌కు పోతూ రామాయంపేట పక్కనున్న అక్కన్నపేట మీదుగా సాగింది. అది మీటర్ గేజ్, బెజవాడ మార్గం బ్రాడ్ గేజ్; పట్టాల వెడల్పు వేరు కావడంతో సరుకును ఒక వాగన్ నుంచి దించి మరో వాగన్‌లోకి ఎక్కించవలసి వచ్చేది. అయినా నెలల ప్రయాణం రోజులకు కుదిరింది. 1908, 1909లలో వచ్చిన ఇంపీరియల్ గెజిటీర్ హైదరాబాద్ రాజ్యపు జిల్లాల దిగుమతులను చెప్పేటప్పుడు ఉప్పును, దాని వెంటే ఉప్పుచేపను పేర్కొంటుంది. చవకగా చేరుతున్న సముద్రపు ఉప్పు ముందు చవుడు ఉప్పు నిలవలేకపోయింది. ఉప్పరులు పలుగు, పార పట్టుకుని చెరువు కట్టలకూ రోడ్డు పనులకూ మళ్లారు.

దొడ్డుప్పు ఇంటి వ్యవహారాల్లో పాతుకుపోయింది ఈ దశలోనే. కిరాణా కొట్టులో ఉప్పు గోతానికి చోటు అరుగు మీదే. చెమ్మ కార్చే సరుకును పప్పుల పక్కన ఎవరూ పెట్టరు. ఇంట్లో దానికి మట్టికుండ గానీ పింగాణీ జాడీ గానీ కావాలి, ఎందుకంటే క్లోరైడ్ తేమ తగిలితే ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి చిలుము పడుతుంది. వేసవిలో గింజలు తీసిన చింతపండును పొరలు పొరలుగా కుండకు ఎత్తేటప్పుడు మధ్యమధ్య చల్లేది దొడ్డుప్పే. మామిడి తొక్కుకు ఎండబెట్టి దంచుకునేదీ అదే.

పొట్లం ఉప్పు వెనుక కథ దీనికంటే చిన్నది. 1983లో మార్కెట్‌లోకి వచ్చిన టాటా సాల్ట్ గుజరాత్ తీరంలోని మిఠాపూర్‌లో తయారవుతుంది. అక్కడి మూలసరుకు అరేబియా సముద్రపు నీరే. తేడా పలుకు కట్టించే పద్ధతిలో ఉంది. శుద్ధి చేసి కాల్షియం, మెగ్నీషియం తీసివేసిన ఉప్పునీటిని, గాలి పీడనం తగ్గించిన మూత పాత్రల్లో ఆవిరి వేడితో మరిగిస్తారు. పీడనం తగ్గితే నీరు తక్కువ వేడికే మరుగుతుంది గనుక ఇంధనం కలిసివస్తుంది, పలుకు సన్నగా, ఒకే తీరుగా దిగుతుంది. దాన్ని ఆరబెట్టి, గడ్డకట్టకుండా చేసే పదార్థం కొద్దిగా కలిపి పొట్లానికి ఎత్తుతారు. దేశపు ఉప్పు ఉత్పత్తిలో ముప్పాతిక భాగానికి పైగా నేడు గుజరాత్‌దే. శతాబ్దాల తరబడి తూర్పు నుంచి ఉప్పు తెచ్చుకున్న సీమకు ఇప్పుడది పడమటి నుంచి వస్తున్నది.

పొట్లానికి బలం ఇచ్చినది రుచి కంటే అయోడిన్. 1950ల మధ్యలో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో మొదలైన అధ్యయనం, అయోడిన్ కలిపిన ఉప్పుతో గొంతువాపు వ్యాధి తగ్గుతుందని రుజువు చేసింది. 1962లో జాతీయ గొంతువాపు నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగానే ఉంటుందన్న నమ్మకం విస్తారంగా ఉన్నా, మడుల్లో ఎండే ఉప్పులో మిగిలేది అత్యల్పం, శరీర అవసరానికి ఏ మాత్రం చాలదు. అందుకే పొటాషియం అయోడేట్‌ను విడిగా కలపవలసి వస్తుంది. ఉత్పత్తి చోట పది లక్షల పాళ్లకు 30, వాడేవారి చేతికి చేరేటప్పటికి కనీసం 15 పాళ్ల అయోడిన్ ఉండాలన్నది దీర్ఘకాలం అమలైన ప్రమాణం. ఇనుము, అయోడిన్ రెండూ కలిపిన ఉప్పును రూపొందించింది హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ.

ఖనిజాల లెక్కలో దొడ్డుప్పుకు ఆపాదించే మేలు కూడా నిలిచేది కాదు. రెంటిలోనూ నూటికి తొంభై అయిదు పాళ్లకు మించి సోడియం క్లోరైడే. మిగిలిన ఖనిజాలు ఒక మనిషి రోజుకు తినే ఉప్పులో లెక్కకు వచ్చేటంత ఉండవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి రోజుకు అయిదు గ్రాములకు లోపే, ఏ ఉప్పయినా సరే. చెంచాతో కొలిస్తే మాత్రం తేడా వస్తుంది: పలుకుల మధ్య ఖాళీ ఉన్నందున చెంచాడు దొడ్డుప్పు తూకంలో సన్నుప్పు కంటే తక్కువ. దొడ్డుప్పు తింటే రక్తపోటు పెరగదన్న మాటకు ఇంతకు మించిన ఆధారం లేదు. రుచిలో తేడా ఉన్నది నిజమే. అది ఆ మిగిలిన చేదు నీటి పుణ్యం.

అయోడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మరాదన్న నిషేధం 1998లో దేశమంతటికీ వచ్చి, 2000లో తొలగి, 2006 మే నుంచి తిరిగి అమలవుతున్నది. పశువుల దాణాకు, నిల్వ పదార్థాలకు, మందుల తయారీకి, పరిశ్రమలకు మాత్రం సాదా ఉప్పు అమ్మవచ్చని ఆ నిబంధనలోనే మినహాయింపు ఉంది. చింతపండుకూ తొక్కుకూ కొన్నంతవరకు దొడ్డుప్పు నేటికీ ఆ మినహాయింపు కిందనే నిలుస్తుంది. అదే గోతాంలోంచి తీసిన గుప్పెడు పప్పుచారులో పడితే మాత్రం కథ వేరు. ఆ గుప్పెడు ఎటు పోతుందో తూచి ఇచ్చే దుకాణదారు అడగడు.