ఎత్తు పెంచుకున్న ఊరు

హ్యూస్టన్‌కు వచ్చిన కొత్తలో సముద్రం చూద్దామని గాల్వెస్టన్ వెళ్ళాను. అక్కడ బ్రాడ్‌వే వీధిలో యాష్టన్ విల్లా అనే పాత మేడ ఉంది. అంత దర్పమున్న మేడకు ఇనప కంచె మరీ పొట్టిగా ఉందేమిటా అనుకున్నాను. కంచె కింది భాగం మట్టిలో ఉందట. ఆ ఊళ్ళో నేలనే పైకి లేపారు.

1900 సెప్టెంబరు 8న గాల్వెస్టన్ ద్వీపం మీదికి హరికేన్ వచ్చింది. ఊళ్ళో అన్నిటికంటే మెరక చోటు కూడా 9 అడుగుల లోపే. ఉప్పెన 15 అడుగులు దాటింది. 6,000 మందికి తక్కువ కాకుండా పోయారు, 8,000 అనేవాళ్ళే ఎక్కువ. సెయింట్ మేరీస్ అనాథాశ్రమంలో సన్యాసినులు పిల్లల్ని తాళ్ళతో తమ నడుములకు కట్టుకున్నారు. 10 మంది సన్యాసినులు, 90 మంది పిల్లలు అలాగే మునిగిపోయారు. 1977 దివిసీమ ఉప్పెన గురించి విన్నవాళ్ళకు ఇంతకంటే చెప్పక్కరలేదు.

ఈ ఊరికి తుపాను భయం లేదని, గోడ అక్కరలేదని 1891లోనే అక్కడి వాతావరణ అధికారి ఐజాక్ క్లైన్ పత్రికలో రాశాడు. ఆ ఉప్పెన అతని భార్యనూ తీసుకుపోయింది.

ఆ తర్వాత చేసిన పని చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సముద్రానికి అడ్డంగా 17 అడుగుల గోడ కట్టారు. ఇళ్ళను జాకీల మీద లేపి, ఓడల్లో తెచ్చిన ఇసకను నీళ్ళతో కలిపి గొట్టాల గుండా వాటి కిందికి వదిలారు. 3,000 టన్నుల సెయింట్ పాట్రిక్ చర్చిని 700 జాకీలతో 5 అడుగులు లేపారు! 2,000కు పైగా కట్టడాలను అలా ఎత్తారు. ఎవరి ఇంటిని లేపే ఖర్చు వాళ్ళదే. చెట్లు చాలావరకు చచ్చాయి. జనం ఏళ్ళ తరబడి చెక్కవంతెనల మీదే నడిచారు. 1915లో మళ్ళీ అంతటి తుపాను వస్తే గోడ వెనక ఊరు నిలబడింది.

మనసు కలుక్కుమనేదీ ఒకటుంది. 1900లో శవాలను మోయడానికి నల్లవాళ్ళను తుపాకులు చూపించి తోలారు.

నాకు అన్నిటికంటే నచ్చింది క్లారా బార్టన్ సంగతి. అమెరికన్ రెడ్ క్రాస్ పెట్టిన ఆవిడ 78 ఏళ్ళ వయసులో అక్కడికి వచ్చింది. తిండీ బట్టలతో ఊరుకోలేదు. పొలాలు పోయిన రైతులకు రెడ్ క్రాస్ 15 లక్షల స్ట్రాబెర్రీ మొక్కలు ఇచ్చింది.

ఆ మాట చదివితే ఇల్లే గుర్తొచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు మా అనకాపల్లికి ఫోన్ కలవలేదు. కలిశాక నాన్న ఇంటి సంగతి చెప్పలేదు. "చెరకంతా పడుకుందిరా" అన్నాడు. ఎండాకులు మెలేసి, దుబ్బుకు దుబ్బు చేర్చి వేసిన జడచుట్లు కూడా ఆ గాలికి ఆగలేదు. పడిన గడ కణుపు కణుపునా వేళ్ళు తొడుగుతుంది, ఎలుకలు కొరుకుతాయి, రసం పలచబడుతుంది. ఆ రసంతో వండిన బెల్లానికి రంగు రాదు, మార్కెట్లో ధర రాదు. కౌలు రైతయితే పరిహారం తరచు భూమి కాగితం ఉన్నవాడికి పోతుంది, అప్పు మాత్రం తనకే మిగులుతుంది.

తుపాను రాగానే హ్యూస్టన్‌లోని మనవాళ్ళు చందాలు పోగుచేస్తారు. దుప్పట్లు, బియ్యం పంపుతారు. పంపాల్సిందే. వాటితో పాటు కౌలు రైతుకు మళ్ళీ నాటుకోవడానికి విత్తనపు ముచ్చెలకూ డబ్బు పంపండి. ఊళ్ళో ఉన్నవాళ్ళు నష్టం రాసుకునే అధికారి వచ్చినప్పుడు కౌలు రైతు పేరు దగ్గరుండి రాయించండి.