హిరోహితో విచారణ వివాదం

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిన జపాన్ చక్రవర్తి హిరోహితోను (1901–1989) యుద్ధ నేరాలకు విచారించాలా, వద్దా అన్న వివాదం 1945 నాటి లొంగుబాటుతో పదునెక్కింది. ఓడిన రాజును బోనెక్కించే ఆలోచన కొత్తది కాదు. 1919 నాటి వర్సాయ్ సంధి 227వ అధికరణం జర్మన్ కైజర్ రెండో విల్‌హెల్మ్‌ను విచారించాలంది; ఆశ్రయమిచ్చిన నెదర్లాండ్స్ అప్పగించకపోవడంతో అది కాగితం దాటలేదు.

హిరోహితో విషయంలో ఆ అడ్డంకి లేదు. ఆయన టోక్యోలో, విజేతల చేతిలోనే ఉన్నాడు. అప్పట్లో అమలులో ఉన్న మీజీ రాజ్యాంగం ప్రకారం సైన్యాలకు సర్వాధిపతి ఆయనే. ఆస్ట్రేలియా తన నిందితుల జాబితాలో ఆయన పేరు చేర్చింది. మంత్రుల, సేనానుల నిర్ణయాలకు ఆమోదముద్ర వేయడమే ఆయన పని అన్నది ఎదుటి వాదన. అయితే 1945లో యుద్ధం ఆపడానికి ఆయన మాటే పనిచేయడం ఈ వాదనకు ఇబ్బందికరమే.

చివరికి విషయాన్ని తేల్చింది న్యాయశాస్త్రం కాదు, పాలనా అవసరం. చక్రవర్తిని విచారిస్తే దేశం అట్టుడుకుతుందనీ, కనీసం పది లక్షల సైన్యం కావలసి రావచ్చనీ జపాన్‌లోని ఆక్రమణ సేనల అధిపతి, అమెరికన్ జనరల్ మెకార్థర్ 1946 జనవరిలో వాషింగ్టన్‌కు తెలిపాడు. ఆ ఏడాది మేలో యుద్ధ నేరాల విచారణ మొదలుపెట్టిన టోక్యో ట్రిబ్యునల్ ముందుకు వచ్చిన 28 మంది నిందితుల్లో హిరోహితో లేడు. చక్రవర్తి ఇష్టానికి విరుద్ధంగా ఏ జపానీయుడూ నడవడని మాజీ ప్రధాని తోజో 1947 డిసెంబరు 31న సాక్ష్యంలో నోరు జారాడు. తెర వెనుక నచ్చజెప్పడంతో వారం తిరక్కుండానే ఆ మాట సర్దుకున్నాడు. తోజో సహా ఏడుగురిని ఉరితీశారు. ముఖ్య కారకుణ్ణి వదిలేసి మిగిలినవారిని శిక్షించడాన్ని ఫ్రెంచి న్యాయమూర్తి బెర్నార్ తన భిన్నాభిప్రాయంలో తప్పుపట్టాడు. 1947 రాజ్యాంగం కింద దేశానికి చిహ్నమాత్రుడైన హిరోహితో 1989 జనవరి 7న మరణించేదాకా సింహాసనంపైనే ఉన్నాడు.