బడి నడిచేది ఎవరి డబ్బుతో? బళ్ళారి చెప్పే పాఠం

ఆంధ్ర, తెలంగాణాలకు వెలుపల తెలుగు పాఠశాలలు నడిపే సంఘాలు సాధారణంగా వేసే ప్రశ్న ఒకటే: ప్రభుత్వ గ్రాంటు వస్తుందా, రాదా? అంతకంటె ముందు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉన్నది. పూర్వం మన బడులు ఏ ధనంతో నడిచాయి? ఏ ధనం ఆగిపోతే మూతబడ్డాయి? దీనికి సమాధానం బళ్ళారి చరిత్రలో స్పష్టంగా దొరుకుతుంది.

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో రాజధానిలోని బడుల వివరాలు పంపవలసిందిగా కలెక్టర్లను ఆదేశించాడు. 1823 ఆగస్టులో బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ తన నివేదిక పంపాడు. 1816లో ఆంగ్లంలో తెలుగు వ్యాకరణం ప్రకటించిన క్యాంప్‌బెల్ ఇతడే. ఆనాటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం ప్రాంతం కూడ చేరి ఉండేది. జిల్లాలో మొత్తం 533 బడులు. వాటిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. విద్యార్థులు 6,641 మంది. అనగా బడికి సగటున పన్నెండుగురు.

ఈ బడుల ఆదాయమెంత? పిల్లవానికి నెలకు నాలుగు నుండి ఎనిమిది అణాలు జీతమని మన్రో 1826లో వ్రాశాడు. ఆ లెక్కన పన్నెండుగురు పిల్లలపై అయ్యవారికి ముట్టేది మూడు నుండి ఆరు రూపాయలు. ఆ డబ్బుకు యోగ్యులు ఈ వృత్తిలోకి రారని మన్రోయే అంగీకరించాడు.

పూర్వప్రభువులు విద్వాంసులకు భూములు, రాబడులు ఈనాముగా ఇచ్చేవారు. ఆ ఈనాములు కాగితంపై మిగిలినా, విద్యకు ఉపయోగపడడం మానుకున్నాయి. 533 బడులలో ఒక్కదానికీ ప్రభుత్వ సహాయం లేదని చెప్పడానికి క్యాంప్‌బెల్ సిగ్గుపడ్డాడు. సీమబట్టల రాకతో నేతగాండ్రు చితికిపోయారని, ప్రజలు పేదలైనందున పిల్లల జీతాలు కట్టలేకపోతున్నారని కూడ అతడు వ్రాశాడు. ఈనాము ఎండిపోయింది, ఆపై పిల్లల జీతమూ ఎండిపోయింది. ఒకనాడు బడులున్న అనేక గ్రామాలలో బడి లేకుండా పోయింది.

మన్రో దీనికి మందుగా ప్రభుత్వ జీతపు బడులు ప్రతిపాదించాడు. కలెక్టరేటు బడిలో ఉపాధ్యాయునికి నెలకు 15 రూపాయలు, తాసీల్దారీ బడిలో 9 రూపాయలు. 1827లో మన్రో మరణించాడు. ఆ బడులూ ఎంతోకాలం నిలువలేదు.

1854 నాటి వుడ్ తాఖీదు మరొక మార్గం చూపింది. ప్రభుత్వం బడిని తానే నడపదు. స్థానికులు నడిపే బడికి తోడ్పడుతుంది. అందుకు షరతులున్నాయి: మంచి లౌకిక విద్య చెప్పాలి, బాధ్యత వహించే స్థానిక యాజమాన్యం ఉండాలి, తనిఖీకి అంగీకరించాలి, స్వల్పమైనా విద్యార్థుల వద్ద రుసుము తీసికోవాలి. గ్రాంటు అంటే దానం కాదు, ఒడంబడిక అన్న భావం అప్పుడే స్థిరపడింది.

1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. ఆదవాని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వచ్చాయి. నాటి నుండి అక్కడి తెలుగువారు భాషాల్పసంఖ్యాకులు. రాజ్యాంగం 30(2) అధికరణం ప్రకారం, అల్పసంఖ్యాకుల యాజమాన్యమన్న కారణంతో సహాయం ఇవ్వడంలో వివక్ష చూపరాదు. అయితే వివక్ష లేకుండుట వేరు, సహాయం హక్కుగా పొందుట వేరు. సహాయం పొందడం ప్రాథమిక హక్కు కాదని, అల్పసంఖ్యాక సంస్థలకూ ఇదే వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2021లో స్పష్టం చేసింది.

కనుక మన సంఘాలు గ్రాంటుకు తప్పక దరఖాస్తు చేయాలి. అయితే దానినొక్కదానినే నమ్మి బడి నడపరాదు. దాతల సొమ్ములో కొంత శాశ్వత నిధిగా వేసి, వడ్డీ మాత్రమే వాడుకోవాలి. ఏ సొమ్ము ఏ పనికి వచ్చిందో ఆ పనికే ఖర్చుచేసి, లెక్కలు ఏటేటా తనిఖీ చేయించి, సభ్యుల ముందు పెట్టాలి. చందా చిన్నదైనా ప్రతి కుటుంబం నుండి రావాలి. చందా కట్టే ఇల్లు తన పిల్లలను ఆ బడికే పంపుతుంది. పిల్లలున్న బడికే గ్రాంటు అడిగే బలముంటుంది.

బళ్ళారిలో బడులు సన్నగిల్లింది తెలుగుపై ప్రేమ తగ్గి కాదు. అయ్యవారికి జీతమిచ్చే దారులు ఒకదాని వెంట ఒకటి మూసుకుపోయినందువల్ల. భాషాభిమానంతోపాటు ఈ లెక్క కూడ మన సంఘాల పెద్దలు గుర్తుంచుకోవాలని మనవి.