32 కేబీలో ఎర్రగుంట్ల

నేను చదివినన్నాళ్లూ మన బడిలో కంప్యూటర్ లేదు. పదో తరగతిలో సైన్సు పోటీకని సార్ వెంట హైదరాబాదుకు పోయినప్పుడు ఒక బడిలో చూశాను. చెప్పులు బయట విప్పించారు. ముట్టుకోనివ్వలేదు.

అది బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ చేసిన బీబీసీ మైక్రో, మోడల్ బి. 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం మొదలుపెట్టి, తొలి విడతలో 250 బడులకు ఇచ్చిన యంత్రం అదే.

దాని మెమరీ 32 కేబీ. ఇప్పుడు ఫోనులో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. ప్రోగ్రామూ, తెర మీది బొమ్మా రెండూ దాన్లోనే సర్దుకోవాలి. ఇంగ్లిషు వాళ్లకు ఇబ్బంది లేదు. 'మోడ్ 7'లో వాళ్ల అక్షరాల రూపాలు ఒక చిప్‌లోనే ఉంటాయి కాబట్టి తెరకు 1 కేబీ చాలు. తెలుగుకు ఆ చిప్ పనికిరాదు, చుక్కలు పేర్చి గీసుకోవాలి. గడికి ఎనిమిది వరుసల చుక్కలే. 'ర్ర', 'ట్ల' వత్తులకు కింద ఇంకో గడి కావాలి. మన ఊరి పేరులోనే రెండు వత్తులాయె! గీతలు సన్నగా రావాలంటే 'మోడ్ 0', దానికి 20 కేబీ పోతుంది. డిస్క్ డ్రైవ్ కూడా ఉంటే ప్రోగ్రాముకు మిగిలేది 5,888 బైట్లు. మోడ్ 7లో అయితే 25,344. ఈ లెక్క వేసుకున్న రోజు నాకు కోపమే వచ్చింది.

దీనికి విరుగుడుగా ఇంగ్లండులో షాడో ర్యామ్ బోర్డులు అమ్మారు. అందులో ఏరీస్ బి20 ఒకటి. 6502 ప్రాసెసర్‌ను సాకెట్ నుంచి ఊడదీసి బోర్డు మీద పెట్టి, ఆ బోర్డును అదే సాకెట్లో గుచ్చాలి. బోర్డు మీద మరో 20 కేబీ ఉంటుంది. కానీ ఆ ప్రాసెసర్‌కు తెలిసినవి 64 కేబీ చిరునామాలే, అవి అప్పటికే నిండిపోయాయి. అందుకని ఒకే డోర్ నంబరు రెండిళ్లకు పెట్టారు. తెర మీద గీసే సిస్టం భాగం అడిగితే పాత మెమరీ తలుపు తీస్తుంది, ఇంకెవరడిగినా కొత్తది. ఎవరు అడుగుతున్నారో బోర్డే పసిగడుతుంది. అప్పుడు మోడ్ 0లోనూ 26,368 బైట్లు మిగులుతాయి. తెర మెమరీలో నేరుగా రాసే ఆటలు మాత్రం దీంతో సరిగా ఆడవు. 1985లో ఏకార్న్ కూడా తన 64 కేబీ 'బి ప్లస్'లో షాడో మెమరీ పెట్టింది.

ఈమధ్య పాత మైక్రో ఒకటి కొని, బోర్డు బిగించాను. 'ఎర్రగుంట్ల' వచ్చింది, 'ట్ల' వత్తు కాస్త పక్కకు జరిగింది. స్వర్ణోత్సవం నాడు తెస్తున్నాను. పిల్లలు మీటలు నొక్కొచ్చు, చెప్పులు విప్పనక్కర్లేదు.